కారం డబ్బా పక్కన పెట్టండి: ఇంట్లో చిల్లీ వండేవారి ప్రశ్నలకు జవాబులు

అమెరికాలో చలి ముదిరితే చాలా ఇళ్లలో పొయ్యెక్కేది చిల్లీ. మాంసం, ఎండుమిరప, జీలకర్ర కలిపి గంటల తరబడి సన్నసెగ మీద ఉడికించే టెక్సస్ వంటకం ఇది. అక్కడి తెలుగు ఇళ్లలోనూ, ఇక్కడ హైదరాబాద్, విశాఖల్లోనూ వండి చూస్తున్నవారు పంపిన ప్రశ్నల్లో ఎక్కువమందికి పనికొచ్చేవి ఏరాం. కొలతల్లో కప్పు అంటే 240 మి.లీ., టేబుల్ స్పూన్ 15 మి.లీ., టీస్పూన్ 5 మి.లీ.

ప్రశ్న (ఫ్రిస్కో, టెక్సస్): ఒక వంటకంలో చిల్లీ పౌడర్ 3 టేబుల్ స్పూన్లు వేయమని ఉంది. ఇంట్లో ఉన్న గుంటూరు కారం అంతే కొలిచి వేశాను. ఎవరూ నోట్లో పెట్టుకోలేకపోయారు. ఇక్కడివాళ్లు ఇంత కారం ఎలా తింటున్నారు?

వాళ్లు అంత కారం తినడం లేదండీ. అమెరికా దుకాణాల్లో చిల్లీ పౌడర్ పేరుతో దొరికేది ఒట్టి మిరపపొడి కాదు. తక్కువ ఘాటున్న మిరపపొడిలో జీలకర్ర, ఒరెగానో, వెల్లుల్లి పొడి, చాలా రకాల్లో ఉప్పు కూడా కలిపి అమ్ముతారు. 1890లలో టెక్సస్‌లోని న్యూ బ్రాన్‌ఫెల్స్‌లో విలియం గెబ్‌హార్ట్ అనే జర్మన్ వలసదారు ఇలాంటి పొడిని సీసాల్లో అమ్మకానికి పెట్టాడు. అమెరికా వంటల్లో చిల్లీ పౌడర్ అన్న చోటల్లా ఈ మిశ్రమమనే అర్థం చేసుకోవాలి.

3 టేబుల్ స్పూన్ల మిశ్రమం ఇంట్లోనే చేసుకోవాలంటే: కాశ్మీరీ కారం లేదా బ్యాడిగి కారం 2 టేబుల్ స్పూన్లు, వేయించి కొట్టిన జీలకర్ర పొడి 1½ టీస్పూన్, ఒరెగానో 1 టీస్పూన్, వెల్లుల్లి పొడి ½ టీస్పూన్. ఘాటు కావాలనుకుంటే గుంటూరు కారం పావు టీస్పూన్‌తో మొదలుపెట్టి, అరగంట ఉడికాక రుచి చూసి పెంచుకోండి. ఉడికేకొద్దీ కారం కూర అంతటా పరుచుకుంటుంది కాబట్టి మొదటి పది నిమిషాల్లో చూసిన రుచిని నమ్మకండి.

ఇప్పటికే మండిపోతున్న కుండకు బంగాళాదుంప ముక్క వేస్తే కారం లాగేస్తుందని చెబుతుంటారు. లాగదు. కారం వేయకుండా ఉడికించిన మాంసమో రాజ్మానో, టమాటాతో కలిపి, కూరకు సమానంగా చేర్చి ఇంకో అరగంట ఉడికించడమే దారి. మిరపలో మంట పుట్టించే క్యాప్సైసిన్ నీళ్లలో కరగదు, కొవ్వులో కరుగుతుంది. అందుకే నీళ్లు పోస్తే కూర పలచబడుతుందే గానీ నాలుక మీది మంట తగ్గదు. వడ్డించేటప్పుడు సోర్ క్రీమో గట్టి పెరుగో వేస్తే తగ్గుతుంది.

ప్రశ్న (ఆస్టిన్): బీన్స్ వేస్తే అది చిల్లీయే కాదని ఆఫీసులో అంటున్నారు. నిజమా?

టెక్సస్‌లో ఆ మాట చాలా గట్టిగా అంటారు. 19వ శతాబ్దం చివరి నుంచి 1930ల దాకా శాన్ ఆంటోనియో కూడళ్లలో చిల్లీ క్వీన్స్ అని పేరుపడ్డ మెక్సికన్ ఆడవాళ్లు రాత్రిపూట బల్లలు వేసి అమ్మిన కూరకు మాంసం, ఎండుమిరపే ఆధారం. 1967లో టెక్సస్‌లోని టెర్లింగ్వా అనే ఊళ్లో మొదలైన చిల్లీ పోటీల సంప్రదాయంలో ఈనాటికీ బీన్స్, అన్నం, పాస్తా కుండలో వేయకూడదు. 1977లో టెక్సస్ శాసనసభ చిల్లీని రాష్ట్ర వంటకంగా ప్రకటించింది. టెక్సస్ దాటితే మాత్రం బీన్స్ లేని చిల్లీ అరుదు. ఇంటి వంటకు పోటీ నిబంధనలతో పనిలేదు. ఆస్టిన్‌లో అతిథులకు పెడుతున్నప్పుడు బీన్స్ విడిగా ఉడికించి పక్కన పెడితే ఎవరికీ అభ్యంతరం ఉండదు.

ప్రశ్న (ఎడిసన్, న్యూజెర్సీ): మేం బీఫ్ తినం. టర్కీ కైమాతో చేస్తే చప్పగా, ఇసకలా పొడిపొడిగా వస్తోంది. మేకమాంసంతో చేయొచ్చా? అసలు రుచి దేనివల్ల వస్తుంది?

మీ చివరి ప్రశ్నతో మొదలుపెడదాం. గోంగూర మాంసంలో గోంగూర ఎలాగో, చిల్లీలో ఎండుమిరప అలాగ. అది తాలింపులో పడేది కాదు, కూరకు గుజ్జూ రంగూ పులుపూ తీపీ అన్నీ ఇచ్చేది. మనం మిరపను ఘాటుతో కొలవడానికి అలవాటు పడ్డాం. చిల్లీకి మాత్రం కండ ఉన్న మిరప కావాలి. పొడితో వండిన చిల్లీకీ, కాయలు నానబెట్టి రుబ్బి వండినదానికీ తేడా మొదటి ముద్దలోనే తెలుస్తుంది. ఒక్కసారైనా కాయలతో వండమని గట్టిగా చెబుతాం.

మెక్సికన్ కిరాణా కొట్లలో మూడు రకాలు తెచ్చుకోండి. ఆంచో నల్లగా, వెడల్పుగా, ఎండుద్రాక్ష వాసనతో ఉంటుంది. కూరకు చిక్కదనమంతా దానిదే. గ్వహీయో ఎర్రగా, నున్నగా ఉండి రంగూ, సన్నని పులుపూ ఇస్తుంది. ఆర్బోల్ చిన్నకాయ. ఘాటు మాత్రమే దాని పని. పట్టుకుంటే తోలులా వంగే కాయలే కొనండి. పటుక్కున విరిగితే పాతబడ్డట్టు.

బోన్‌లెస్ మేక లేదా గొర్రె భుజం మాంసం కిలోకి ఆంచో 4, గ్వహీయో 4, ఆర్బోల్ 2 సరిపోతాయి. తొడిమలు, గింజలు తీసి, పొడి పెనం మీద మధ్యస్థ సెగలో ఒక్కో వైపు 20–30 సెకన్లు వేడి చేయండి. వాసన రాగానే తీసేయాలి. నల్ల మచ్చ పడ్డ కాయను మొహమాటపడకుండా పారేయండి. ఒక్క మాడిన కాయ కుండ మొత్తాన్ని చేదు చేస్తుంది. వేడినీళ్లలో అరగంట నానబెట్టి, ఆ నీళ్లు చుక్క నాలుక మీద వేసుకోండి. చేదుగా ఉంటే పారబోసి మంచినీళ్లతో, లేకపోతే అవే నీళ్లు ఒక కప్పు పోసి, మెత్తగా రుబ్బి వడకట్టండి. వడకట్టకపోతే తొక్క ముక్కలు పళ్లకు అంటుకుంటాయి.

మాంసం 2 సెం.మీ. ముక్కలు కోసి తడి లేకుండా తుడవాలి. అడుగు మందంగా ఉన్న గిన్నెలో 2 టేబుల్ స్పూన్ల నూనె బాగా కాగాక, మూడు విడతలుగా వేసి ఎర్రగా వేయించండి. కిలో మాంసం ఒకేసారి వేస్తే నీరు ఊరి ఉడుకుతుంది గానీ వేగదు. ముక్కలు తీసి, అదే గిన్నెలో తరిగిన పెద్ద ఉల్లిపాయ ఒకటి, వెల్లుల్లి రెబ్బలు 6, జీలకర్ర పొడి 1 టేబుల్ స్పూన్, ఒరెగానో 2 టీస్పూన్లు వేసి, మిరప ముద్ద కలిపి నూనె తేలే దాకా 5 నిమిషాలు వేయించండి. మాంసం మళ్లీ వేసి, 4 కప్పుల నీళ్లు లేదా మాంసం ఉడికించిన రసం, 1½ టీస్పూన్ ఉప్పు చేర్చి, మూత కొద్దిగా తెరిచి ఉంచి సన్నసెగ మీద రెండు గంటల దాకా ఉడికించండి. కుతకుత ఉడకకూడదు, అక్కడక్కడా బుడగ రావాలి. పెద్ద సెగ మీద మాంసం పీచుపీచుగా గట్టిపడుతుంది. ముక్క చెంచాతో నొక్కితే విడిపోవాలి. టమాటా వేయాలనుకుంటే ఒక్కటి చాలు. ఎక్కువైతే మిరప రుచి వెనక్కి పోతుంది.

చివరి పావుగంటలో 2 టేబుల్ స్పూన్ల మాసా హరీనాను అరకప్పు నీళ్లలో కలిపి పోయండి. ఇది సున్నపు నీళ్లలో ఉడికించిన మొక్కజొన్నతో చేసే పిండి. మసేకా పేరుతో దొరుకుతుంది. దించాక ఒక టేబుల్ స్పూన్ నిమ్మరసం.

టర్కీ పొడిపొడిగా రావడానికి కారణం కొవ్వు లేని రొమ్ము మాంసపు కైమా. తొడ మాంసం కలిసిన కైమా అడగండి. అందులోనూ కొవ్వు తక్కువే కాబట్టి 2 టేబుల్ స్పూన్ల నూనె తప్పనిసరి. కైమాను గిన్నెలో పరిచి 5 నిమిషాలు కదపకుండా ఒకవైపు ఎర్రబడనిచ్చి, ఆ తర్వాతే పెద్ద ముక్కలుగా విడదీయండి. మొదటి నుంచీ గరిటెతో పొడిచేస్తూ ఉంటే ఇసకలాగే అవుతుంది. టర్కీకి 45 నిమిషాల ఉడుకు చాలు.

ప్రశ్న (చార్లెట్): శాకాహారులం. రాజ్మాను నానబెట్టి స్లో కుక్కర్‌లో టమాటాతో సహా ఎనిమిది గంటలు పెట్టినా గట్టిగానే ఉంది. తిన్నాక వాంతులు కూడా అయ్యాయి. ఎక్కడ తప్పు జరిగింది?

ఇది అందరూ జాగ్రత్తగా చదవాల్సిన విషయం. ఎర్ర రాజ్మాలో ఫైటోహీమగ్లుటినిన్ అనే విషపదార్థం సహజంగానే ఉంటుంది. గట్టిగా మరిగితేనే అది విరుగుతుంది. స్లో కుక్కర్ తక్కువ సెగలో చాలాసార్లు మరిగే స్థాయికి చేరదు. అరకొర వేడిలో ఉడికిన రాజ్మా పచ్చిదానికన్నా ఎక్కువ హాని చేసే ప్రమాదం ఉంది. వాంతులు, విరేచనాలు తిన్న కొద్ది గంటల్లోనే మొదలవుతాయి. కనీసం 5 గంటలు నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో బుడబుడ మరిగేలా 30 నిమిషాలు ఉడికించాకే స్లో కుక్కర్‌లో వేయండి. ప్రెషర్ కుక్కర్‌లో మెత్తగా ఉడికించినా, డబ్బాలో ఉడికించి అమ్మే రాజ్మా వాడినా ఈ భయం లేదు.

గట్టిగా ఉండిపోవడానికి టమాటా కారణం. పులుపు తగిలిన గింజ తొక్క మెత్తబడదు. గింజ పూర్తిగా ఉడికాకే టమాటా వేయాలి. నానబెట్టే నీళ్లలో లీటరుకు ఒక టేబుల్ స్పూన్ ఉప్పు వేస్తే తొక్క పగలకుండా మెత్తబడుతుంది. ఉప్పు వేస్తే ఉడకదనే భయం అక్కర్లేదు. నీళ్లు కఠినంగా ఉన్న ఊళ్లలో ఉడికించేటప్పుడు చిటికెడు వంటసోడా వేయండి. అంతకు మించితే సబ్బు రుచి వస్తుంది. మామూలు కుక్కర్‌లో అయితే నానిన రాజ్మాకు ఒక కూత వచ్చాక సెగ తగ్గించి 20 నిమిషాలు.

మాంసం లేని చిల్లీ చప్పగా ఉండకూడదంటే రెండు పనులు చేయాలి. టమాటా పేస్ట్ 2 టేబుల్ స్పూన్లు నూనెలో ముదురు ఎరుపు తిరిగే దాకా వేయించాలి, చివర్లో సోయా సాస్ ఒక టేబుల్ స్పూన్ వేయాలి. పంటికి తగలడానికి మీల్ మేకర్ కన్నా గోధుమరవ్వ బాగుంటుంది. 1½ కప్పుల ఎండు రాజ్మాతో చేసే కుండకు పావుకప్పు లావు రవ్వ, 20 నిమిషాల ముందు వేస్తే చాలు. రవ్వ నీరు పీలుస్తుంది కాబట్టి ఒక కప్పు వేడినీళ్లు అదనంగా సిద్ధంగా ఉంచుకోండి. ఉడికిన గింజల్లో ఒక కప్పు తీసి మెదిపి కలిపితే చిక్కదనం దానంతటదే వస్తుంది, మాసా అక్కర్లేదు.

ప్రశ్న (హైదరాబాద్): ఇక్కడ ఆంచో, మాసా హరీనా ఎక్కడ వెతకాలో తెలియడం లేదు. మన మిరపకాయలతో కుదురుతుందా?

బ్రహ్మాండంగా కుదురుతుంది, కాకపోతే కాయ ఎంపికలో జాగ్రత్తపడాలి. గుంటూరు సన్నం ఘాటైన కాయ, దానితోనే ముద్ద చేస్తే తినలేం. వరంగల్ చపాటా కాయ వెతకండి. టమాటా మిర్చి అని కూడా అంటారు. 2025లో భౌగోళిక గుర్తింపు పొందిన ఈ రకం పొట్టిగా, లావుగా, కండ పట్టి ఉంటుంది. రంగు గాఢం, ఘాటు తక్కువ. పచ్చళ్లకు ఎందుకు మెచ్చుకుంటారో చిల్లీకీ అందుకే పనికొస్తుంది. అది దొరక్కపోతే బ్యాడిగి.

కిలో మాంసానికి గింజలు తీసిన చపాటా కాయలు 40 గ్రాములు, గుంటూరు కాయలు 2. ఆంచోలోని పండు తీపి కోసం ఎండుద్రాక్ష ఒక టేబుల్ స్పూన్ కాయలతోపాటే నానబెట్టి రుబ్బండి. తీపి లేని కోకో పొడి ½ టీస్పూన్ వేస్తే లోతైన చేదు కూడా వస్తుంది, అంతకన్నా ఎక్కువ వద్దు. పొగ వాసన ఇష్టమైతే, కూర దించాక చిన్న స్టీలు గిన్నెలో నిప్పు కణిక పెట్టి, చుక్క నూనె వేసి, కుండలో నిలిపి మూడు నిమిషాలు మూత పెట్టండి.

మాసాకు బదులు మొక్కజొన్న పిండి 2 టేబుల్ స్పూన్లు పొడి పెనం మీద వాసన వచ్చేదాకా వేయించి వాడండి. సున్నపు నీళ్ల రుచి దానికి రాదు, చిక్కదనం మాత్రం వస్తుంది. ఇక్కడ కార్న్ ఫ్లోర్ పేరుతో తెల్లగా దొరికేది పిండి కాదు, గంజిపొడి. అది పోస్తే కూర జిగటగా, మెరుస్తూ ఇండో-చైనీస్ గ్రేవీలా తయారవుతుంది.

ప్రశ్న (శాన్ హోసే): ఇన్‌స్టంట్ పాట్‌లో (కరెంటు ప్రెషర్ కుక్కర్) పెట్టిన ప్రతిసారీ బర్న్ అని ఆగిపోతుంది.

చిక్కటి పదార్థం అడుగున పేరుకుని వేడెక్కితే ఆ హెచ్చరిక వస్తుంది. మిరప ముద్ద వేయించాక అరకప్పు నీళ్లు పోసి, చెక్క గరిటెతో అడుగంతా శుభ్రంగా గీకండి. కనీసం ఒకటిన్నర కప్పుల పలచని ద్రవం ఉండాలి. టమాటా, టమాటా పేస్ట్ అన్నిటికన్నా పైన వేసి కలపకుండా మూత పెట్టండి. మాసా పీడనం దిగాకే. గొర్రె ముక్కలకు హై మీద 30 నిమిషాలు, ఆవిరి తనంతట తాను పోనివ్వాలి. మూత తీశాక పలచగా కనిపిస్తుంది. సాతే (మూత లేకుండా వేయించే సెట్టింగ్) మీద పది పదిహేను నిమిషాలు మరిగించకపోతే రుచి దగ్గరపడదు.

పొయ్యి మీద మామూలు గిన్నెలో అడుగంటితే మాత్రం కలపకండి. కట్టేసి, పై కూరను మెల్లగా వేరే గిన్నెలోకి తోడుకుని, అడుగున ఒక అంగుళం వదిలేయండి.

ప్రశ్న (గుంటూరు): అన్నీ వేసినా ఏదో తక్కువైనట్టే ఉంటుంది. ఒక్కోసారి చేదు.

ముందు ఉప్పు చూడండి, ఆ తర్వాత పులుపు. ఈ రెండూ సరిచేయకుండా మసాలా పెంచితే కూర బరువెక్కుతుంది, రుచి రాదు. గంటలకొద్దీ ఉడికిన కూరకు చివర్లో ఒక టేబుల్ స్పూన్ నిమ్మరసం గానీ వెనిగర్ గానీ పడగానే తేడా తెలుస్తుంది. అయినా వెలితిగా ఉంటే అది నీరు ఎక్కువవడం. మూత తీసి ఇంకో 20 నిమిషాలు ఉడికించండి. చేదు మాడిన మిరపదైతే ఏమీ చేయలేం. జీలకర్ర నల్లబడ్డా ఇదే చేదు. కోకో ఎక్కువై వచ్చిన చేదైతే ఒక టీస్పూన్ బెల్లం సర్దుతుంది.

ప్రశ్న (అట్లాంటా): సూపర్ బౌల్ (అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్) రోజు ఇంటికి 20 మంది వస్తున్నారు. చిల్లీ ఒక్కటే చేసి రకరకాలుగా వడ్డించాలని ఉంది. ఏమేం పెట్టాలి, ఎంతెంత?

మంచి ఆలోచన. ఒక కుండ, పక్కన గిన్నెలు, ఎవరిష్టం వాళ్లది.

మనిషికి 300 మి.లీ. చొప్పున 6 లీటర్లు వండండి. ముందురోజే వండితే ఇంకా మంచిది, రాత్రంతా ఉంటే మిరప, జీలకర్ర ముక్కకు పడతాయి. పక్కన పెట్టడానికి చెడ్డార్ చీజ్ 600 గ్రాములు, సోర్ క్రీమ్ 600 మి.లీ., సన్నగా తరిగిన ఉల్లిపాయలు పెద్దవి 3, కొత్తిమీర 2 కట్టలు, నిమ్మకాయలు 10, ముక్కలు కోసిన హలపీన్యో (మెక్సికన్ లావు పచ్చిమిరప) ఒక గిన్నె. చీజ్ దిమ్మ కొని ఇంట్లో తురమండి. తురిమి అమ్మే ప్యాకెట్లలో అంటుకోకుండా గంజిపొడి చల్లుతారు, అది వేడికూర మీద సరిగ్గా కరగదు. ఉల్లి ఘాటుగా ఉంటే చల్లటి నీళ్లలో పది నిమిషాలు ఉంచి వడకట్టండి. కుండను స్లో కుక్కర్‌లో వార్మ్ మీద పెట్టి, కూర 60 డిగ్రీల సెల్సియస్‌కు తగ్గకుండా చూసుకోవాలి.

పిల్లలు ఎగబడేది ఫ్రిటో పై. ఫ్రిటోస్ మొక్కజొన్న చిప్స్ పుట్టిందీ శాన్ ఆంటోనియోలోనే, 1932లో. మనిషికి 40 గ్రాముల చిప్స్ మీద చిల్లీ, వెంటనే చీజ్, ఆపైన ఉల్లి, చివరికి సోర్ క్రీమ్. ముందే కలిపి పళ్లెంలో పెట్టొద్దు. ఐదు నిమిషాల్లో చిప్స్ మెత్తబడిపోతాయి, ఎవరిది వాళ్లే తినే ముందు కలుపుకోవాలి.

ఓహైయో పద్ధతి ఒకటి పెడితే బల్ల మీద కొత్తదనం వస్తుంది. 1922లో మాసిడోనియా నుంచి వచ్చిన కిరాడ్జీఫ్ సోదరులు సిన్సినాటిలో మొదలుపెట్టిన చిల్లీ అది. దాల్చినచెక్క, లవంగం వాసనతో, కైమాను వేయించకుండా నీళ్లలోనే మెత్తగా చిదిపి ఉడికిస్తారు. దాన్ని స్పగెట్టీ మీద పోస్తే టూ వే, పైన చీజ్ తురుము వేస్తే త్రీ వే, ఉల్లిగానీ బీన్స్‌గానీ చేరితే ఫోర్ వే, రెండూ ఉంటే ఫైవ్ వే. మీరు వేరే కుండ వండక్కర్లేదు. 2 లీటర్ల కూర విడిగా తీసి, దాల్చిన పొడి 1 టీస్పూన్, లవంగ పొడి పావు టీస్పూన్ వేసి, కొద్దిగా పలచన చేసి పావుగంట ఉడికించండి. అసలు సిన్సినాటి రుచి కాకపోయినా దాని దారిలో ఉంటుంది.

టెక్సస్ ముక్కల చిల్లీకి జొన్నరొట్టె ఆనదు, కార్న్‌బ్రెడ్ ఆనుతుంది. 12 ముక్కలకు: మొక్కజొన్న రవ్వలాంటి పసుపు కార్న్‌మీల్ 1½ కప్పు, మైదా ½ కప్పు, బేకింగ్ పౌడర్ 2 టీస్పూన్లు, వంటసోడా ½ టీస్పూన్, ఉప్పు 1 టీస్పూన్, మజ్జిగ 1½ కప్పు, గుడ్లు 2, కరిగించిన వెన్న 4 టేబుల్ స్పూన్లు. ఇనుప పెనాన్ని 220 డిగ్రీల ఓవెన్‌లో పది నిమిషాలు కాల్చి, వెన్న రాసి, పిండి పోస్తే చుయ్‌మనాలి. అప్పుడే అడుగు కరకరలాడుతుంది. 20–22 నిమిషాలు. దక్షిణాది రాష్ట్రాల్లో చాలామంది ఇందులో పంచదార వేయరు. చిల్లీ పక్కన మాకూ అదే సరైనదనిపిస్తుంది. నెబ్రాస్కా, కాన్సస్ వైపు మాత్రం చిల్లీతో తీపి సినమన్ రోల్ తింటారు, బడి భోజనాల్లోనూ అలాగే పెట్టేవారు. వినడానికి వింతగా ఉన్నా ఒక పళ్లెం పెట్టి చూడండి.

అన్నం అడిగేవాళ్లూ ఉంటారు. పొడిపొడిగా వండిన మామూలు తెల్లన్నం, దాని మీద చిల్లీ, ఉల్లి, నిమ్మ పిండి. హవాయిలో ఇలాగే తింటారు. నెయ్యి మాత్రం వద్దు. సోర్ క్రీమ్, చీజ్‌తోపాటు అది కూడా పడితే మిరప రుచి మూసుకుపోతుంది.

ప్రశ్న (విశాఖపట్నం): మిగిలింది ఎన్నాళ్లు ఉంటుంది?

ఫ్రిజ్‌లో 3–4 రోజులు, డీప్ ఫ్రీజర్‌లో 2–3 నెలలు. పెద్ద కుండతో ఫ్రిజ్‌లో పెట్టకండి, మధ్యలో గంటల తరబడి వెచ్చగానే ఉండి పాడవుతుంది. లోతు తక్కువ గిన్నెల్లో రెండంగుళాల మందంలో సర్ది, వండిన రెండు గంటల్లోపు లోపల పెట్టేయండి. మీ ఊరి ఎండాకాలంలో అయితే గంటలోపే. చల్లారాక పైన గడ్డకట్టే ఎర్ర నూనెను అంతా తీసేయకండి, మిరప రుచి చాలావరకు అందులోనే ఉంటుంది. మళ్లీ వేడి చేసేటప్పుడు అరకప్పు నీళ్లు పోసి, అడుగు నుంచి కలుపుతూ, మధ్యలో కూడా మరిగేదాకా ఉంచండి. నిమ్మరసం, కొత్తిమీర ప్రతిసారీ కొత్తగా వేసుకోవాలి. సోర్ క్రీమ్ కలిపేసిన కూరను మాత్రం డీప్ ఫ్రీజర్‌లో పెట్టొద్దు, కరిగేటప్పుడు విరుగుతుంది.